కొత్త ఇంటికి ఈఎంఐ మొదలవుతోంది, చేతిలో 3.8 లక్షలుంది: ఇంటీరియర్ చేయించాలా, ఆగాలా?

ప్రశ్న: మేం పాలకొల్లులో 8 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. రాజోలు దగ్గర మా మామగారు మా వారి పేరున రాసిచ్చిన స్థలంలో 25 లక్షల హోమ్ లోన్‌తో ఇల్లు కట్టుకున్నాం. 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ, 21,700 ఈఎంఐ. వచ్చే నెల నుంచి కట్టాలి. మా వారి జీతం 42 వేలు, ప్రైవేటు స్కూల్లో నాకు 18 వేలు. అద్దె 8 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు, పిల్లల ఫీజులు నెలకి సగటున 5 వేలు, చీటీ 5 వేలు పోను 20 వేలు మిగులుతోంది. బ్యాంకులో 1.8 లక్షలు, ఎఫ్‌డీ 2 లక్షలు ఉన్నాయి. శ్రావణంలో గృహప్రవేశం. ఈలోపే ఇంటీరియర్ పని పూర్తి చేయించేద్దామని మా వారు అంటున్నారు, 3.5 లక్షలకి ఎస్టిమేట్ ఇచ్చారు. మా అత్తగారేమో ఊరందరికీ భోజనాలు పెట్టాలంటున్నారు. ఇల్లు మారేటప్పుడు డబ్బు విషయంలో ఏమేం గుర్తుపెట్టుకోవాలో చెప్పండి. (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: ముందు ఇంటీరియర్ సంగతి తేల్చేద్దాం. ఈ వర్షాకాలం దాటేదాకా ఆపండి. డబ్బు కారణం ఒకటుంది, గోడల కారణం ఒకటుంది. రెండూ చెబుతాను.

మీ నెలవారీ లెక్క పైకి బాగానే కనిపిస్తుంది. మిగులు 20 వేలకి పోయే అద్దె 8 వేలు కలిపితే 28 వేలు. ఈఎంఐ తీసేస్తే ఇంకా 6,300 ఉంటుంది. కానీ ఇల్లు మారాక ఇప్పుడు లేని ఖర్చులు వస్తాయి. మీ వారి ఉద్యోగం పాలకొల్లులోనే అనుకుంటున్నాను. రోజూ చించినాడ వంతెన దాటి వెళ్లి రావడానికి బండికి పెట్రోలు రెండు వేల పైనే అవుతుంది, 2,300 వేసుకోండి. చదువుల మధ్యలో స్కూలు మారిస్తే కట్టిన ఫీజు వెనక్కి రాదు, కొత్త చోట అడ్మిషన్ ఫీజు మళ్లీ కట్టాలి. కాబట్టి ఈ ఏడాదికి పిల్లలు పాత స్కూల్లోనే ఉంటారు, వ్యానుకి ఇంకో 2 వేలు. రాజోలు, మలికిపురం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి కదా, తాగడానికి వాటర్ టిన్నులకి 500. ఇవన్నీ తీసేస్తే నెలకి మీ చేతిలో మిగిలేది 1,500. ఇల్లు మీకు భారం కాదు. కాకపోతే ఏదైనా ఒక నెల అటూ ఇటూ అయితే సర్దుకోవడానికి జీతంలో చోటు లేదు. ఆ చోటు మీ 3.8 లక్షల్లోనే ఉంది. అందులో 3.5 లక్షలు చెక్క పనికి పోస్తే, ఆగస్టులో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రెండు రూపాయల వడ్డీకి తేవాల్సి వస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఇంటి లోనుకి మీరు కట్టేది 8.5.

ఇక గోడల కారణం. మన డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేసి ఉంటాయి, నేల ఎండి ఉంటుంది, కొత్త గోడ చేత్తో తడిమితే పొడిగానే తగులుతుంది. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి, చేలల్లో నాట్లు పడి, పైన వానలు కూడా మొదలయ్యాక భూమిలో నీరు పైకి వస్తుంది. మెరక సరిపోకపోయినా, బేస్‌మెంట్ దగ్గర చెమ్మ ఆపే పొర సరిగ్గా వేయకపోయినా అప్పుడే బయటపడుతుంది. గోడ అడుగున జానెడు ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పొక్కుతుంది, రంగు పెచ్చులు లేస్తుంది. భీమవరం దగ్గర నాకు తెలిసిన ఒక కుటుంబం మే నెలలో వార్డ్‌రోబులు బిగించుకుంది. దసరాకి పట్టుచీర తీద్దామని తలుపు తెరిస్తే వెనక పలకంతా నల్ల చుక్కల బూజు, కింది అంచు వేలితో నొక్కితే తడిసిన అటుకుల్లా ఊడి వచ్చింది. చీరల మడతల్లో కూడా అదే వాసన. అల్మరా మొత్తం విప్పితే తప్ప గోడకి మందు వేయడానికి కుదరలేదు. అంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు.

ఒక్క వర్షాకాలం ఖాళీ గోడలతో ఉంటే ఎక్కడ చెమ్మ వస్తోందో, ఏ కిటికీలోంచి జల్లు కొడుతోందో, శ్లాబు ఎక్కడ కారుతోందో మీకే తెలిసిపోతుంది. మేస్త్రీకి ఇంకా బాకీ ఉంటే అందులో కొంత, ఓ పాతిక వేలైనా, దసరా దాకా ఇవ్వకుండా పెట్టుకోండి. ముందే మాట అనుకుని, కాగితం మీద రాసుకుంటే గొడవ ఉండదు. సంక్రాంతి తర్వాత చెక్క పని మొదలుపెట్టండి. అప్పుడు కూడా ఎస్టిమేట్‌లో ఉత్త ‘ప్లైవుడ్’ అని ఉంటే ఒప్పుకోవద్దు. ఐఎస్ 710 అని ముద్ర ఉండేది మెరైన్ ప్లై, నీటి తడికి తట్టుకుంటుంది. ఐఎస్ 303లో మామూలుగా దొరికే ఎంఆర్ రకం గాలిలో తేమ వరకే. వంటగట్టు కింద, సింకు పక్కన 710 పెట్టించి, టీవీ యూనిట్‌కి మామూలుది వాడితే ఖర్చు కొంత తగ్గుతుంది. చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చవకే, మన వైపు మాత్రం నేను వద్దంటాను.

ఇప్పుడు 3.8 లక్షలు ఎలా పంచుకోవాలో చూద్దాం. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. అందులో మూడు నెలల ఈఎంఐ 65,100, మూడు నెలల ఇంటి ఖర్చు, ఫీజులు కలిపి 81,000, మొత్తం 1,46,100 అత్యవసరానికి. మిగతా 53,900 ఈ వర్షాకాలంలో ఇల్లు అడిగే రిపేర్లకి. ‘ఎఫ్‌డీకి 7 శాతమే వస్తుంది, లోనుకి 8.5 కడుతున్నాం, తీసి లోన్‌లో వేసేయండి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. రెండు లక్షల మీద ఆ తేడా ఏడాదికి 3 వేలు. పిలిస్తే పలికే డబ్బు దగ్గర ఉండటానికి అది పెద్ద ఖరీదు కాదు. పైగా లోన్‌లో కట్టిన డబ్బు అవసరం వచ్చినప్పుడు వెనక్కి రాదు.

బ్యాంకులో ఉన్న 1.8 లక్షల్లో ఫ్యాన్లు, కిటికీలకి దోమల మెష్, మోటారు, వంటింట్లో రెండు మూడు స్టీలు ర్యాకులు, ఇలా లేకపోతే కాపురం నడవని వాటికి 60 వేలు పెట్టండి. గృహప్రవేశానికి 60 వేలు. సామాను తరలించడానికి 15 వేలు. మిగిలిన 45 వేలు అలాగే ఉంచండి, ఎందుకో కింద చెబుతాను. చీటీ పాడేసి సోఫా కొందామన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. తొందరలో పాడితే వదులుకునే మొత్తం సోఫా ధరలో సగం ఉండొచ్చు.

అత్తగారి మాట. గోదావరి జిల్లాల్లో గృహప్రవేశానికి వచ్చినవాళ్లని భోజనం పెట్టకుండా పంపమని నేనూ చెప్పలేను. కానీ 400 మందికి ప్లేటు 250 చొప్పున వేసుకుంటే భోజనాలకే లక్ష. షామియానా, పురోహితుడు, బట్టలు పెట్టడాలు వేరు. 60 వేలలో అన్నీ కావాలంటే 120 మందికి మించి పిలవలేరు. ఊరందరినీ పిలవాలని ఆవిడ పట్టుబడితే పొద్దున టిఫిను, ప్రసాదంతో సరిపెట్టి, దగ్గర బంధువులకి మాత్రం మధ్యాహ్నం విస్తరి వేయండి. ‘చదివింపులు వస్తాయి కదా’ అని లెక్కలో వేసుకోవద్దు. చదివింపులంటే అప్పే. వాళ్ల ఇంట్లో శుభకార్యానికి మీరు తిరిగి చదివించాల్సిందే.

ముహూర్తం రోజే సామాను కూడా చేరాలని హడావుడి పడేవాళ్లు చాలామంది. అవసరం లేదు. ముహూర్తానికి పాలు పొంగించి, వ్రతం చేసుకుని, మూడు నిద్రలు చేయండి. సామాను రెండు మూడు వారాలు ఆగి తెచ్చుకోవచ్చేమో మీ పంతులు గారిని అడిగి చూడండి. దీనివల్ల ఒక నెల అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. 20 వేల మిగులు ఆ నెల ఈఎంఐకి చాలదు, 1,700 తక్కువ పడుతుంది. పైన ఉంచమన్న 45 వేలు ఇందుకే. వ్యాను అడ్వాన్సు, మీటరు ఖర్చులు, గ్యాస్ డిపాజిట్ తేడా కూడా అందులోంచే. ఆ 8 వేల అద్దె దండగ అనిపిస్తుంది కానీ, ఆ నెలలోనే మోటారు, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు ఎలా పనిచేస్తున్నాయో తెలుస్తుంది. సామాను వచ్చి పడ్డాక మంచాలు జరిపి ప్లంబరుతో పని చేయించడం నరకం.

ఆగడానికి ఇంకో కారణం గోదావరి. శ్రావణం అంటే వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 2022 జులైలో మూడోది కూడా దాటింది. వంతెన మీద రాకపోకలు ఉన్నా, ఊళ్లోకి వెళ్లే లోతట్టు రోడ్ల సంగతి వేరు. రెండో హెచ్చరిక ఇచ్చారంటే లారీ కదిలించొద్దు. బండి మాట్లాడుకునేటప్పుడే వరద వస్తే తేదీ మార్చుకుంటామని, దానికి అదనంగా ఏమీ ఇచ్చేది లేదని చెప్పేయండి. రేటు కూడా ఎక్కించే ముఠా కూలీ, దించే కూలీ, బండి కిరాయి అన్నీ కలిపి ఒకటే మొత్తంగా మాట్లాడండి. లేకపోతే ఫ్రిజ్ దించే దగ్గర కొత్త బేరం మొదలవుతుంది. బంగారం, పాలసీ కాగితాలు, సర్టిఫికెట్లు లారీ ఎక్కకూడదు. ముందురోజే మీరే తీసుకెళ్లండి.

పాలకొల్లు ఇంటి ఓనరుకి నెల ముందే చెప్పి, అడ్వాన్సులో రంగులకి ఎంత పట్టుకుంటారో అప్పుడే అడగండి. ఖాళీ చేసే రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి పంపితే చాలు, తర్వాత వచ్చే బిల్లు మీద తగాదా ఉండదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ, సముద్రానికి ఇంత దగ్గర ఇల్లు కట్టుకుని అది లేకుండా ఉండటం నాకు నచ్చదు. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో మీ మామగారిని అడిగితే చెబుతారు. భారత్ గృహ రక్ష అని అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద అన్నీ అందులో వస్తాయి. స్థలం విలువ కాదు, ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకి తీసుకోవాలి. భవనానికి 25 లక్షలకి తీసుకుంటే అందులో 20 శాతం, అంటే 5 లక్షల దాకా ఇంట్లో సామానుకి కూడా వర్తిస్తుంది. ప్రీమియం మామూలుగా ఒక ఈఎంఐలో పదో వంతు కూడా ఉండదు. సామాను సర్దిన రోజే గది గదికీ వీడియో తీసి పెట్టుకోండి. రేపు క్లెయిము వేస్తే ఏమేం ఉండేవో చూపించడానికి అదే సాక్ష్యం.

లోన్ స్టేట్‌మెంట్ తెప్పించి ఒకసారి చూడండి. అడగకుండానే లోన్ ఇన్సూరెన్స్ అని ఒకేసారి ప్రీమియం కట్టించి, దాన్ని లోన్‌లోనే కలిపేసిన కేసులు నాకు తరచూ కనిపిస్తాయి. 80 వేలు అలా కలిపితే 20 ఏళ్లలో మీరు కట్టేది 1.67 లక్షలు. మీ వారి పేరున లోనుకి తగ్గకుండా విడిగా టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకుంటే చవక పడుతుంది, లోన్ తీరినా కొనసాగుతుంది. అలాగే ‘పన్ను మిగులుతుంది, లోన్ తొందరగా తీర్చొద్దు’ అనే మాట మీకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో మీ ఇద్దరి జీతాలకీ పన్నే పడదు. చీటీ అయిపోయాక ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కడితే లోన్ సుమారు మూడేళ్లు ముందే తీరుతుంది. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ అయితే దానికి పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

అడ్రస్ మార్పులకి ఒక వరస ఉంది. ముందు పంచాయతీలో ఇంటి పన్ను మీ పేరున వేయించుకోండి. కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కరెంటు మీటరు ఉంటే గృహ వినియోగానికి మార్పించండి, ఏసీ, గీజరు పెట్టే ఉద్దేశం ఉంటే లోడు కూడా అప్పుడే రాయించండి. ఆ బిల్లుతో ఆధార్‌లో అడ్రసు మార్చుకుంటే, బ్యాంకులోనూ రైస్ కార్డులోనూ ఆధార్ చూపించి మార్పించుకోవచ్చు. ఓటుకి ఫారం 8. పాలకొల్లు పశ్చిమ గోదావరి, రాజోలు కోనసీమ జిల్లా కాబట్టి గ్యాస్ ఏజెన్సీ కూడా మారుతుంది. పాత ఏజెన్సీలో ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోకుండా బయల్దేరొద్దు.

ఇంటీరియర్ వాళ్లకి అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చేసి ఉంటే పోయిందనుకోవద్దు. పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టమని, అడ్వాన్సు అప్పటి బిల్లులో తగ్గించమని అడిగి, ఆ మాట వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఇచ్చినంత మేరకు వంటింటి పని ఒక్కటే చేయించుకోండి, అదీ బయటి గోడకి తగలని వైపు.