తాతగారి జపాను కత్తిపై ఉన్న సంతకం

నమస్కారమండీ. మీ తాతగారు బర్మా యుద్ధం నుంచి తెచ్చిన కత్తిపై, పిడి ఊడదీస్తే కనిపించిన ఆరు అక్షరాలకు అర్థం అడిగారు. ఐదో అక్షరం ఎడమ సగం తుప్పులో పూడుకుపోయినా, కుడి సగం స్పష్టంగానే ఉన్నందువల్ల మొత్తం సంతకాన్ని ‘బిషూ ఒసఫునే సుకెసద’ అని, అంటే జపానులోని పాత బిజెన్ ప్రాంతపు ఒసఫునే ఊరి సుకెసద అని చదవవచ్చు. ఆ ఊరు నేటి ఒకయామా ప్రాంతంలోనిది. వెనుకవైపున్న ‘ఎయిషో 3, ఎనిమిదో నెల’ అంటే, ఎయిషో అనే జపాను శకం లెక్కన, 1506వ సంవత్సరం. అయితే సుకెసద అనే పేరు చాలామంది కమ్మరులు వాడుకున్నదే. యుద్ధాల గిరాకీకి పెద్దఎత్తున చేసిన కత్తులపై సాధారణంగా ఇలాంటి పొట్టి సంతకమే ఉంటుంది, కోరి చేయించుకున్నవాటిపై కమ్మరి సొంత పేరు కూడా చెక్కేవారు. నకిలీ సంతకాలూ ఎక్కువే కనుక, నిపుణులు ఉక్కునూ అంచు మీది తెల్లని గీతనూ చూశాకే నిర్ధారించాలి. అంతవరకు దయచేసి ఆ నల్లని తుప్పును తోమకండి, కత్తి వయసుకు అదే సాక్ష్యం.