అడ్వాన్సు ఆమె చేతికే ఇచ్చాను, ఇప్పుడు ఖాళీ చేయమంటోంది

ప్రశ్న: మాది పార్వతీపురం. విశాఖలో ల్యాబు ఉద్యోగం. ఎం.వి.పి. కాలనీలో ఏడాదిన్నరగా మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటున్నాను. అద్దె ఒప్పందం వారిలో ఒకామె పేరున ఉంది. 15,000 అడ్వాన్సు, నెలనెలా నా వాటా ఆమె ఫోనుకే పంపాను. మొన్న నెత్తళ్ళు వేయించానని పెద్ద గొడవ చేసింది. తన చెల్లెలు వస్తోందట, ఆదివారంలోగా నా గది ఖాళీ చేయాలట. అడ్వాన్సు అడిగితే బిల్లులకు సరిపోయిందంటోంది. నాకు హక్కేమీ లేదా?

జవాబు: విశాఖలో ఉంటూ నెత్తళ్ళ వాసన పడదంటే ఎలాగమ్మా! అయినా మీ గొడవ చేపల గురించి కాదు. చెల్లెలికి గది కావాలి, ఆ మాట నేరుగా అనలేక మూకుడు మీద పడింది. వంటింటి వాదన ఇక్కడితో వదిలేయండి.

ముందు ఆ ఒప్పందం చదవండి. ఇంకొకరికి అద్దెకివ్వకూడదనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఉంటే యజమాని దగ్గర మీ మాట చెల్లదు. కానీ షరతు మీరింది ఆమె. అలాగని యజమానికి చెబుతానని బెదిరించకండి, ముగ్గురూ రోడ్డున పడతారు.

నెలవారీ అద్దెకు వేరే ఒప్పందం లేనప్పుడు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. వాటాకు ఉన్న మీకు అది వర్తించదని అవతలివారు వాదించవచ్చు. అయినా గడువు అడగడానికి అది చాలు. మీరు లేనప్పుడు తాళం మార్చే హక్కు, సామాను గుమ్మంలో పెట్టే హక్కు మాత్రం ఆమెకు లేవు. అలా చేస్తే 112కు ఫోన్ చేయండి.

ఈ రాత్రే ఆమెకు వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘ఫలానా తేదీన నీకు 15,000 అడ్వాన్సు పంపాను. బిల్లులు చూపిస్తే నా వాటా మినహాయించుకో. మిగిలింది ఇచ్చిన రోజే తాళంచెవి ఇస్తాను. నెలాఖరు వరకు గడువు కావాలి.’ కోపం ఒక్క ముక్క కూడా ఉండకూడదు. రేపు ఎవరైనా చదివితే పెద్దమనిషి మీరే అనిపించాలి. డబ్బు పంపిన వివరాలు, గది ఫోటోలు దాచుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

ఆ ఇంట్లోనే ఉండిపోవాలని మాత్రం పోరాడకండి. పొద్దున్నే ఒకే పొయ్యి దగ్గర ముఖం తిప్పుకుని టీ కాచుకోవడం ఎన్నాళ్ళు? కొత్త చోట మాత్రం ఒప్పందంలో మీ పేరు రాయించుకోండి.

ఇంతకీ, మూడో అమ్మాయి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఒక సాయంత్రం ఆమెను లాసన్స్ బే వైపు నడకకు తీసుకెళ్ళి, తన అడ్వాన్సు ఎవరి చేతికిచ్చిందో అడగండి.