పాత పియానోను 440కి తేవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో పాత అప్‌రైట్ పియానో ఉంది. మధ్యలోని 'ఎ' మెట్టు నొక్కితే ఫోన్ ట్యూనర్ 440 హెర్ట్జ్‌కి (సెకనుకు 440 కంపనాలు) బదులు 432 చూపిస్తోంది. నేనే పెంచుకోవచ్చా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: శ్రుతి తేడాను సెంట్లలో కొలుస్తారు; పక్కపక్క మెట్ల (నల్లవీ కలిపి) మధ్య తేడా 100 సెంట్లు. మీ పియానో దాదాపు 32 సెంట్లు దిగింది. ఇది చిన్న తేడా కాదు. పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి, వాటి మొత్తం బిగువు 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. ఒకవైపు నుంచి బిగిస్తూ పోతే ఆ బరువుకి సౌండ్‌బోర్డు (తీగల శబ్దాన్ని పెద్దది చేసే చెక్క పలక) కుంగి, ముందు కలిపిన తీగలు మళ్ళీ దిగిపోతాయి. అందుకే మొదటి విడతలో నాజూకుగా కలపాలని చూడకుండా అన్నిటినీ గబగబా 440 లెక్కకు తెచ్చి, రెండో విడతలో నిదానంగా కలపాలి. కొన్ని వారాలకు మళ్ళీ ఒకసారి సరిచూడాలి.

అయితే ముందు తీగలు చూడండి. తుప్పు పట్టి ఉంటే 440 మాట మరిచిపోండి, ఉన్నచోటే కలుపుకోండి. తీగ తెగితే కంటికి ప్రమాదం. ఏదేమైనా కళ్ళద్దాలు పెట్టుకునే పని మొదలుపెట్టాలి.

నక్షత్రం మూతి ఉన్న ట్యూనింగ్ లివర్, తీగ మోగకుండా ఆపే రబ్బరు మ్యూట్లు, ఒక ఫెల్టు పట్టీ కావాలి. మామూలు స్పానరు పెడితే తీగ చుట్టి ఉండే పిన్ను అంచులు అరిగిపోతాయి. మధ్య, పై స్థాయిల్లో ఒక్కో మెట్టుకు మూడు తీగలు. పక్క రెండింటినీ మ్యూట్ చేసి, నడిమి తీగను ట్యూనర్‌తో కలపండి. తర్వాత ఒక పక్క మ్యూట్ తీసి రెండూ కలిసి మోగించి వినండి. శబ్దం అలలా ఊగుతుంది. ఊగు నెమ్మదించి పూర్తిగా ఆగేదాకా ఆ పక్క తీగను తిప్పండి. ఇక్కడ ట్యూనర్ కన్నా చెవే నమ్మకం. ఆపైన మూడో తీగ.

లివర్ హ్యాండిల్ నిట్టనిలువుగా పైకి ఉండాలి. పక్కకు వాల్చి లాగితే పిన్ను తిరగదు, వంగుతుంది. మొదట వెంట్రుకవాసి వదులు చేసి, తర్వాత బిగించి, మెట్టును నాలుగైదుసార్లు గట్టిగా కొట్టండి. అలా కొట్టకపోతే వంతెన (తీగలు ఆనే చెక్క దిమ్మ) దగ్గర ఇరుక్కున్న బిగువు మర్నాడు జారి శ్రుతి పోతుంది. పిన్ను ఏ పట్టూ లేకుండా తిరిగి వెనక్కి వచ్చేస్తుంటే చెక్కలో రంధ్రం వదులైందని అర్థం. దానికి లావు పిన్ను వెయ్యాలి, అది మెకానిక్ పని.

మంద్రంలోనూ తారంలోనూ మామూలు ట్యూనర్ సూదిని నమ్మకండి. తీగ బిరుసు వల్ల దాని ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు పైన సన్నగా మోగేవి) లెక్క కంటే కాస్త పైనే పలుకుతాయి. అందుకే ఆక్టేవ్‌లను (ఒక స్వరం నుంచి పై స్థాయిలోని అదే స్వరానికి ఉన్న దూరాన్ని) కొద్దిగా సాగదీసి కలుపుతారు. ఒక్కో పియానోకి ఒక్కో సాగు. పియానో కోసమే చేసిన యాప్ వాడితే అది ముందు మీ తీగలను కొలిచి చెబుతుంది.

మీది సముద్రపు ఊరు. వానాకాలంలో సౌండ్‌బోర్డు తేమకు ఉబ్బి మధ్య స్థాయి శ్రుతి పెరుగుతుంది, ఎండలకు దిగుతుంది. తేమ నిలకడగా ఉన్న రోజుల్లోనే కలపండి.

ప్రశ్న: 440 ఎవరు పెట్టారు? మా హార్మోనియంతో కలవాలంటే?

జవాబు: ఫ్రాన్సు 1859లో 'ఎ'ను 435గా చట్టం చేసింది. ఇంగ్లండులో అంతకంటే బాగా పైన, 452 దాకా వాయించేవారు. 1939 లండన్ సమావేశం 440ని ఒప్పుకుంది, 1955లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైంది. మన లెక్కలో ఈ 'ఎ' అంటే ఆరు శ్రుతి. హార్మోనియం రీడును ఇంట్లో అరగదీసి సరిచెయ్యడం కష్టం, కాబట్టి దాని 'ఎ' ఎంతుందో ముందు కొలిచి, పియానోనే దానికి తగ్గట్టు కలపండి. అది 440 దాటి ఉంటే మాత్రం పాత తీగలను అక్కడిదాకా లాగొద్దు.