ఈసీ టీవీలో ఒకే గీత వస్తుంటే

మీ పాత ఈసీ టీవీలో (ఈసీఐఎల్ కంపెనీది) సౌండ్ బాగుండి, తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీతే వస్తోందంటే టెన్షన్ పడకండి, పిక్చర్ ట్యూబ్ బతికే ఉంది. పోయింది వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మని పైకీ కిందికీ పరిచే సర్క్యూట్. ముందు బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే గీత ఉన్నచోట తెర లోపలి వెలిగే పూత (ఫాస్ఫర్) కాలి మచ్చ ఉండిపోతుంది.

ప్లగ్ తీశాక కూడా ట్యూబ్ ఆనోడ్ (హై వోల్టేజీ వైరు ట్యూబుకి తగిలే చోటు) దగ్గర వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాన్ని డిశ్చార్జ్ చేయడం (నిలిచిన కరెంటు తీసేయడం) రాకపోతే తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్) కనెక్టర్ దగ్గర సోల్డర్ పగిలిందేమో చూసి మళ్లీ అతికించండి. నేనైతే మొదట అనుమానించేది దాన్నే. తగ్గకపోతే ఆ సెక్షన్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చండి, ఇన్నేళ్లకి ఎండిపోయి ఉంటాయి. కొత్తదాని మీద రాసిన మైక్రోఫారడ్లు పాతదాని మీద ఉన్నంతే ఉండాలి, రాసిన వోల్టేజీ ఎక్కువున్నా ఫర్వాలేదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జోలికి చివర్లోనే వెళ్లండి.