రమ్యకు, రిలే పని మొదలుపెట్టే ముందు

చిరంజీవి రమ్యకు మావయ్య ఆశీస్సులు.

ఎంటెక్ ప్రాజెక్టుకి రిలేలో (ఇద్దరి సిగ్నళ్లని మధ్యలో అందుకుని పంపే రేడియోలో) ఫిజికల్ లేయర్ నెట్‌వర్క్ కోడింగ్, అంటే ఒకేసారి వచ్చి గాలిలో కలిసిన సిగ్నళ్ల నుంచే రిలే ఉమ్మడి ప్యాకెట్ తీసే పద్ధతి, తీసుకున్నావని అక్కయ్య ఫోన్లో చెబితే పొంగిపోయాను. అయిదుగురు యూజర్లతో మొదలుపెడతావని విన్నాక నిద్ర పట్టలేదు. ముందు ఇద్దరితో చెయ్యి తల్లీ.

ఇద్దరూ ఒకరి ప్యాకెట్ ఒకరికి చేర్చుకోడానికి పట్టే స్లాట్ల (పంపే వంతుల) లెక్క నీకు తెలిసిందే: మామూలు రిలేకి నాలుగు, రిలే రెంటినీ ఎక్సార్ చేసి (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0) పంపితే మూడు, ఇద్దరూ ఒకేసారి పంపితే రెండు. బీపీఎస్‌కేలో (బిట్టుని +1 లేదా -1 గా పంపే పద్ధతిలో) ఇద్దరి సిగ్నల్ బలం, ఫేజూ (తరంగం ఏ దశలో ఉందో అది) సమానమైతే రిలే దగ్గర +2, 0, -2 కనిపిస్తాయి. సున్నా వస్తే ఎక్సార్ 1, మిగతా రెంటికీ 0. ఎవరిది ఏ బిట్టో దానికి అక్కర్లేదు.

ఓఎఫ్‌డీఎం (డేటాని చాలా సన్నటి ఫ్రీక్వెన్సీలకి పంచి పంపే పద్ధతి) వాడు. ఇద్దరి ఆలస్యాల తేడా, ఛానల్ ప్రతిధ్వనులతో సహా, సైక్లిక్ ప్రిఫిక్స్ (ప్రతి సింబల్ చివరి ముక్కని దాని ముందు అంటించిన కాపలా భాగం) దాటకూడదు. 20 మెగాహెర్ట్జ్ వైఫైలో అది 0.8 మైక్రోసెకన్లు, అంటే 16 శాంపిళ్లే. ఛానల్ కొలవడానికి పంపే ట్రైనింగ్ సింబళ్లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు పంపాలి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల తప్పున్న) క్రిస్టల్ 48 కిలోహెర్ట్జ్ తప్పుతుంది. ఇద్దరివీ ఎదురెదురుగా తప్పితే రిలే ఒకరినే సరిదిద్దగలదు. అందుకే పంపేముందు ఇద్దరూ రిలే పంపే బీకన్ (గుర్తు సిగ్నల్) ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవ్వాలి.

అందరూ బోల్తా పడేది సీఆర్‌సీ (ప్యాకెట్ పాడైందో లేదో చూసే చెక్ సంఖ్య) దగ్గర. ఎక్సార్ బిట్లలో ఒక్క తప్పూ ఉండదు, చెక్ మాత్రం ప్రతిసారీ ఫెయిల్. పిల్లలు వారాల తరబడి ఫేజ్‌నీ థ్రెషోల్డునీ తవ్వుతూ కూర్చుంటారు. లైబ్రరీలో దొరికే సీఆర్‌సీ-32 రిజిస్టర్ని అన్నీ ఒకట్లతో మొదలుపెట్టి, చివర బిట్లన్నీ తిరగేస్తుంది (0ని 1, 1ని 0 చేస్తుంది). అందుకని రెండు సీఆర్‌సీల ఎక్సార్, ఎక్సార్ ప్యాకెట్ సీఆర్‌సీతో కలవదు. అంతే పొడవున్న సున్నాల ప్యాకెట్ సీఆర్‌సీ ఎంతో, ఎప్పుడూ అంత తేడా. ఆ తేడాని రిలేలో కలిపేసుకో, లేదా సున్నాతో మొదలుపెట్టి చివరి తిరగేత తీసెయ్యి. ఎలా చేసినా ప్యాకెట్లు ఒకే పొడవుండాలి. చిన్నదానికి సున్నాలు నింపాకే సీఆర్‌సీ వెయ్యి. ఎర్రర్ కరెక్షన్ కోడ్, ఇంటర్‌లీవర్ (బిట్ల వరస మార్చేది) ఇద్దరికీ ఒకటే ఉండాలి. వైఫై స్క్రాంబ్లర్ (బిట్లని గజిబిజి చేసేది) సీడ్, అంటే దాని మొదటి విలువ, ప్యాకెట్టుకీ ప్యాకెట్టుకీ మారుతుంది, దాన్నీ ఇద్దరికీ ఒకే విలువకి కట్టెయ్యి. అడ్రసుల హెడర్‌ని మాత్రం ఈ కలగలుపులో పెట్టకు, ఎవరివో రిలేకి తెలియాలిగా! ఎవరు పంపిన ప్యాకెట్‌ని వాళ్లు నంబరుతో దాచుకోవాలి, లేకపోతే అవతలిది విప్పలేరు.

ఇదంతా కుదిరాకే అయిదుగురు. 1-2, 2-3, 3-4, 4-5 జతలుగా పంపితే పైకి నాలుగు, కిందికి నాలుగు స్లాట్లు. 2-3 జత ప్యాకెట్ పాడైతే ఒకటో యూజర్‌కి 3, 4, 5 మూడూ పోతాయి. ఛానల్ బలహీనంగా ఉన్నవాడిని గొలుసు చివర పెట్టు.

కేబుల్‌తో టెస్ట్ చేసేటప్పుడు సిగ్నల్‌ని తగ్గించే 30 డీబీ అటెన్యుయేటర్ మధ్యలో పెట్టావా లేదా, చేత్తో ముట్టుకుని చూశాకే పవర్ ఆన్ చెయ్యి. నీ తొందర నాకు తెలుసు. రిసీవర్ కాలిందంటే కొత్తది వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

మీ మావయ్య