ప్లాన్ వేస్తే టెక్నాలజీ హబ్ వస్తుందా? పీణ్యా షెడ్డులో నేను చూసింది

"విశాఖలో కంపెనీలకు 99 పైసలకే భూములు ఇస్తున్నారు కదా, అది కూడా ఇంకో బెంగళూరు అవుతుందా? అసలు ప్రభుత్వం ప్లాన్ వేసినంత మాత్రాన ఒక ఊరు టెక్నాలజీ హబ్ అయిపోతుందా?" అని ఇక్కడ ఒకరు అడిగారు.

మాది అనంతపురం. 2003లో బెంగళూరు వచ్చాను, అప్పటి నుంచి ఉద్యోగం, కాపురం అన్నీ ఇక్కడే. ప్రభుత్వం వల్ల అవుతుందనే నేను నమ్ముతాను. కాకపోతే ఊరిని నిజంగా మార్చే ప్లాన్లు మనం పేపర్లో చదివేవాటికి ముప్పై నలభై ఏళ్ళ ముందే, వేరే ఏదో అవసరానికి మొదలై ఉంటాయి. ఈ సంగతి నాకు బెంగళూరు పీణ్యాలో అర్థమైంది.

డిగ్రీ చేతికొచ్చినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. తెలిసినవాళ్ళ మాటతో పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న షెడ్డులో చేరాను. రేకుల కప్పు, పన్నెండు మంది పనివాళ్ళు. పెద్ద ఫ్యాక్టరీలకు కేబుల్ హార్నెస్‌లు, అంటే యంత్రాల్లో బిగించే వైర్ల కట్టలు, చేసి ఇచ్చేవాళ్ళం. ఓనరు గారిది మదనపల్లె. భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, రిటైరయ్యాక ఆ షెడ్డు పెట్టుకున్నారు. మొదటి వారమంతా నాతో సోల్డరింగ్ తప్ప ఇంకేమీ చేయించలేదు. నేను వేసిన ప్రతి జాయింటునీ భూతద్దం కింద పెట్టి చూసేవారు. మెరుపు లేకుండా బూడిదరంగులో ఉంటే చాలు, వేలు పెట్టి చూపించేవారు. "ఇది డ్రై జాయింటు నాయనా. ఈరోజు మీటర్ పెట్టి చూస్తే బాగానే ఉంటుంది. ఆర్నెల్లు అదిరాక ఊడిపోతుంది. అప్పుడు అక్కడ నువ్వూ ఉండవు, నేనూ ఉండను" అని దాన్ని కరిగించి మళ్ళీ వేయించేవారు. వైరు మీద తొడుగు తీసేటప్పుడు లోపల ఒక్క రాగి పోగు తెగినా సరే, ఆ ముక్క పక్కన పడేయాల్సిందే. నాకు మొదట్లో ఏడుపొచ్చేది. నాలుగో నెలకి, వేరేవాళ్ళు చేసిన జాయింటులో తప్పు నాకే దూరం నుంచి కనిపించడం మొదలైంది.

ఆయనకు ఆ పట్టింపు ఫ్యాక్టరీలో పై ఇన్‌స్పెక్టర్ నేర్పిందట. మా పక్క షెడ్డాయన హెచ్‌ఎంటీ మనిషి. ఎదురుగా లేత్ నడిపే పెద్దాయన విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్‌లో అప్రెంటిస్ చేసినవాడు. అంటే ఆ వీధి వీధంతా ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో చేయి తిరిగిన మనుషులే. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట కూడా ఈ పీణ్యా షెడ్లలోనే తయారై 1975లో పైకి వెళ్ళింది. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూడండి. మైసూరు సంస్థానం భూమి ఇచ్చాక టాటాల విరాళంతో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 1909లో వచ్చింది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ విమానాల ఫ్యాక్టరీ పెడితే అందులోనూ సంస్థానం చేయి ఉంది. తర్వాత కేంద్ర ప్రభుత్వం 1948లో టెలిఫోన్ల కోసం ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్), 1953లో యంత్ర పరికరాల కోసం హెచ్‌ఎంటీ, 1954లో సైన్యానికి కావాల్సిన ఎలక్ట్రానిక్స్ కోసం బీఈఎల్ (మా ఓనరు గారి భారత్ ఎలక్ట్రానిక్స్) పెట్టింది. వీటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ ఐటీ హబ్ కోసం పెట్టలేదు. దేశానికి ఫోన్లు కావాలి, విమానాలు కావాలి, రేడియో సెట్లు కావాలి, అంతే. కానీ వాటి చుట్టూ క్వార్టర్స్ వచ్చాయి, స్కూళ్ళు వచ్చాయి. తర్వాత నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ టీములో ఇద్దరు లీడ్లు దూరవాణినగర్‌లో ఐటీఐ కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళే. నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు, కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఈ ఒక్క తరం మార్పుకి పాతికేళ్ళు పడుతుంది. ఎంత డబ్బు పోసినా దాన్ని ఐదేళ్ళకి కుదించలేం.

అసలు సిసలు ప్లాన్ అంటే ఎలక్ట్రానిక్స్ సిటీయే. కర్ణాటక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కియోనిక్స్ అధిపతి ఆర్.కె. బాళిగ పట్టుపట్టి 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు ఊళ్ళ దగ్గర 332 ఎకరాల్లో మొదలుపెట్టించారు. చాలా దూరదృష్టి ఉన్న పని, ఆయన్ని ఇక్కడ ఇంకా ఎక్కువమంది తలుచుకోవాలి. అయినా ఆ చోటు ఇప్పుడున్నట్టు కళకళలాడింది 90ల తర్వాతే. మధ్యలో రెండు సంగతులు జరిగాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చి, ఇక్కడ రాసిన పనిని శాటిలైట్ లింకు మీద నేరుగా అమెరికా పంపడం మొదలుపెట్టింది. 1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం తెచ్చింది. పది మంది ఉన్న కంపెనీ కూడా సొంత డిష్ పెట్టుకోనక్కర్లేకుండా డేటా లైన్ అద్దెకు తీసుకోగలిగింది. కంప్యూటర్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది. నా లెక్కలో వెయ్యి ఎకరాల భూమి కంటే ఆ లైన్ గొప్పది.

హైదరాబాద్ సంగతి చాలామంది తప్పుగా చెప్తారు. 1998లో సైబర్ టవర్స్ కట్టగానే ఐటీ వచ్చేసిందంటారు. కానీ 1967 నుంచే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్, దాంతోపాటు రక్షణ ల్యాబులు అక్కడ ఉన్నాయి.

ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయలేని పనుల్లో మాత్రం బెంగళూరు మనల్ని ఏడిపించింది. నేను 2006లో ఎలక్ట్రానిక్స్ సిటీలో చేరాను, మారతహళ్ళిలో మన తెలుగువాళ్ళ పీజీలో ఉండేవాణ్ణి. పొద్దున్నే ట్యాంకర్ హారన్ వినపడగానే బకెట్లు పట్టుకుని మేడ దిగేవాళ్ళం. ఆలస్యమైతే ఆ రోజు స్నానం లేదు. తర్వాత సిల్క్ బోర్డ్ జంక్షన్. బస్సులో నిలబడి, అక్కడే గంట. హోసూరు రోడ్డు మీద ఫ్లైఓవర్ 2010లో వచ్చింది. మెట్రో యెల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. 1978లో నిర్ణయించిన చోటుకి రైలు రావడానికి 47 ఏళ్ళు పట్టింది! మొదటి వారంలోనే ఆర్వీ రోడ్‌లో ఎక్కి వెళ్ళాను. సిల్క్ బోర్డ్ మీదుగా నిమిషంలో దాటిపోతుంటే, కింద ఆ రోడ్డు మీద పోయిన నా సాయంత్రాలన్నీ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఔటర్ రింగ్ రోడ్డు కథ ఇంకా బాధ. ఊరి బయటి నుంచి బళ్ళు తిరిగిపోవడానికి వేసిన రోడ్డది. దాని పొడుగునా టెక్ పార్కులు లేచాయి. చెరువు నుంచి చెరువుకి నీళ్ళు మోసే రాజకాలువల మీద కట్టడాలు వచ్చాయి. 2022 సెప్టెంబర్ వానలకి ఆ రోడ్డు మునిగింది, ఇంజినీర్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. మా ఆఫీసు సెల్లారులో నడుముల్లోతు నీళ్ళు, నా బండి అందులోనే పోయింది. పర్మిషన్లు ఇచ్చేటప్పుడు ఆ కాలువలు మ్యాపులో లేవా? ఉన్నాయి. చూడాల్సినవాళ్ళు చూడలేదు.

ఇక విశాఖ. 1940లో బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టిన ఆ వాల్‌చంద్ హీరాచందే 1941లో విశాఖలో ఓడల కర్మాగారానికి పునాది వేయించారు. అదే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1926లో బెజవాడలో మొదలై 1930లో ఇక్కడికి మారిన ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. డాక్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, నీటి అడుగు ఆయుధాల మీద పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నాయి. అందుకే విశాఖ ఉత్త చేతులతో మొదలవుతోందని నేను అనుకోను. 99 పైసల భూమి వల్ల ఒక కంపెనీ వచ్చి బిల్డింగ్ కడుతుంది, మంచిదే, నేను వ్యతిరేకం కాదు. 2025లో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ కూడా మంచిదే. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు ఉన్నంత మంది జనం, అది నడిచేటప్పుడు ఉండరు. దానికి కరెంటు, నీళ్ళు ఎక్కువ కావాలి, మనుషులు తక్కువ చాలు. దాన్ని చూసి ఉద్యోగాల లెక్క వేసుకోకండి.

నేనైతే రెండు విషయాలు అడుగుతాను. షిప్‌యార్డులో, నేవీలో పనిచేసి రిటైరైన టెక్నీషియన్ సొంతంగా షెడ్డు పెట్టుకుంటానంటే, వాళ్ళకి 99 పైసల భూమి పొందిన ఋషికొండ కంపెనీలకు ఇచ్చినంత సులువుగా స్థలం, కరెంటు కనెక్షన్ ఇస్తున్నారా? మధురవాడ వైపు కొత్త బిల్డింగులు లేవకముందే కొండల నుంచి వాననీళ్ళు దిగే గెడ్డలను కొలిచి, హద్దురాళ్ళు వేసి వదిలేస్తున్నారా?

మీరు విశాఖలోనే ఉంటే ఆదివారం కాకుండా ఒక పనిరోజు చూసుకుని గాజువాక ఆటోనగర్‌లో తిరిగి రండి. షిప్‌యార్డులోనో స్టీల్ ప్లాంట్‌లోనో పని నేర్చుకున్నవాళ్ళు పెట్టిన వర్క్‌షాపులు ఎన్ని ఉన్నాయో, వాళ్ళ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి ఇక్కడ రాయండి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.