బిళ్లలు ఆపితే మిగిలేదెంత?

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. అమ్మకు 71 ఏళ్లు, రెండేళ్లుగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు). డోనెపెజిల్, మెమాంటిన్ బిళ్లలకు నెలకు 2,800 అవుతోంది. మార్పేమీ లేదు, ఆపేద్దామా? పగలు చూసుకునే మనిషిని పెడితే 14,000 అడుగుతున్నారు. అమ్మ పేరిట 6 లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే ఆదాయం లేదు. సంతకం ఇంకా పెడుతుంది.

జవాబు: మార్పు లేకపోవడమే ఆ బిళ్లల పనితనం కావచ్చు. అవి జబ్బును నయం చేయవు, దిగజారడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. 2012లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, మధ్యస్థ, తీవ్ర దశల్లో ఉన్న 295 మంది అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) రోగుల్లో డోనెపెజిల్ ఆపినవారు వాడినవారికంటే త్వరగా దిగజారారు. మనిషి అవసరం ఆరు నెలలు ముందుకొస్తే 84,000. అది 30 నెలల బిళ్లల ఖర్చు. ఆపాలా వద్దా అన్నది న్యూరాలజిస్టునే అడగండి. డబ్బు కోసమైతే ఆపొద్దు.

ఖర్చు తగ్గాలంటే చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి కేంద్రంలో అడగండి. మిల్లీగ్రాములు, ఎక్స్‌టెండెడ్ రిలీజా (మందు మెల్లగా విడుదలయ్యే రకమా) కాదా అన్నది సరిచూసుకోండి. పది బిళ్లల స్ట్రిప్పులు మూడు కొంటే 31వ తేదీకి బిళ్ల ఉండదు, అక్కడే చాలామందికి మందు తప్పుతుంది. అక్టోబరు, నవంబరుల్లో పదిహేను రోజులవి అదనంగా ఉంచండి. 2014 హుద్‌హుద్ తుపాను గుర్తుందిగా. నాలుగైదు రోజులు తప్పితే డాక్టరును అడగకుండా మళ్లీ పూర్తి మోతాదు వేయకండి.

ఎఫ్‌డీలోంచి 4 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే, ఇప్పటి 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 8,200 వస్తుంది. మూడు నెలల మందు 8,400. గడువుకు ముందు తీస్తే ఎఫ్‌డీ వడ్డీలో కొంత కోత పడుతుంది, అయినా ఇప్పుడే చేయమంటాను.

పన్ను సంగతి చిన్నదే. మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే ఆదాయ పన్ను చట్టం సెక్షన్ 80డీడీబీ కింద 60 దాటిన వారికి లక్ష వరకు మినహాయింపు (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబరు వేరు). న్యూరాలజిస్టు చీటీ కావాలి, వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. 20 శాతం శ్లాబులో ఏడాది మందుల ఖర్చు 33,600కు మిగిలేది సుమారు 7,000. దానికోసమే పాత విధానానికి మారకండి.

అసలు తొందరపడాల్సింది సంతకాల విషయంలో. పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకోకండి, ఆమెకు గ్రహింపు పోయాక అది చెల్లదు. అప్పుడు గార్డియన్‌గా నియమించమని కోర్టు మెట్లెక్కాలి. వడ్డీ పడే సేవింగ్స్ ఖాతాలో, మిగిలిన 2 లక్షల ఎఫ్‌డీలో మీ పేరు 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా (ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు తీసుకునేలా) చేర్పించండి. ఎఫ్‌డీకి మాత్రం గడువుకు ముందు ఒక్కరి సంతకంతో తీసుకునేలా విడిగా మ్యాండేట్ (రాతపూర్వక అనుమతి) ఇవ్వాలి, లేదంటే ఇద్దరూ రావాలంటారు. అమ్మగారిని బ్యాంకుకు పొద్దున్నే తీసుకెళ్లండి. ఈ జబ్బులో చాలామందికి సాయంత్రమయ్యేసరికి తికమక ఎక్కువవుతుంది, సంతకం కలవదు.